కొండకోటకు గుంపుగా వెళ్తున్నారా? గడియారం లెక్క ముందు చూసుకోండి

పాడుబడ్డ కొండకోటకు పదిమందితో ఒక్కరోజులో వెళ్లి రావాలంటే లెక్క సాయంత్రం నుంచి వెనక్కి వేసుకోవాలి. ఆరింటికి చీకటి పడేట్టయితే నాలుగింటికల్లా అందరూ కొండ దిగి ఉండాలి. దిగడానికి రెండున్నర గంటలనుకుంటే ఒంటిగంటన్నరకు తిరుగుముఖం పట్టాలి. కోట గుమ్మం కళ్లెదుటే ఉన్నా సరే. ఈ సంగతి ముందురోజే అందరితో ఒప్పించుకుంటే పైన వాదనలుండవు.

ఎక్కే సమయానికి స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం నేటికీ పనికొస్తుంది: నడిచే ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అది ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. గుంపుకు అందులో సగం కలపండి. రెండు గంటల దారికి మూడు గంటలన్నమాట.

గుంపు చెదిరేది విశ్రాంతి దగ్గరే. ముందువాళ్లు పది నిమిషాలు కూర్చుంటారు, వెనకబడ్డ మనిషి రొప్పుతూ రాగానే లేచి బయల్దేరతారు. అందరికన్నా విశ్రాంతి అవసరమైన మనిషికే అది దొరకదు. చివరి మనిషి వచ్చి కూర్చున్నాకే ఆ పది నిమిషాలు మొదలవ్వాలి. దారి తెలిసినవాళ్లు ఒకరు ముందు, ఓపికస్తులు ఒకరు అందరికన్నా వెనక. దారి చీలిన ప్రతిచోటా ఆగి తలలు లెక్కపెట్టాలి. ఇద్దరి దగ్గరా ఈల ఉండాలి. నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి మళ్లీ ఊదితే ఆపదలో ఉన్నామని అర్థం.

నీళ్లు గంటకు అర లీటరు చొప్పున ఎవరివి వాళ్లే మోయాలి. మూడో వంతు దిగడానికి మిగలాలి.

పచ్చటి కొండ చూడ్డానికి ఎంత బాగుంటుందో, కాలికి అంత మోసం చేస్తుంది. తడిగడ్డి కింద రాయి కనిపించదు, నాచు పట్టిన బండ జారుతుంది. అడుగున లోతైన గాడులున్న బూట్లు వేసుకున్నా బంకమన్ను ఆ గాడులను పూడ్చేస్తుంది కాబట్టి మధ్యమధ్య గీకేసుకోవాలి. మెలికల దారిని అడ్డంగా కోసి దిగొద్దు. ఆ అడ్డదారే తర్వాతి వానకు వాగవుతుంది. కాలి కింద రాయి కదిలిందా, "రాయి!" అని గట్టిగా అరవాలి.

అసలు జాగ్రత్త కోటలో కావాలి. అలసి చేరతాం, చేరామన్న సంబరంలో చూపు సడలుతుంది. చాలా కోటగోడలు రెండు వైపులా పేర్చిన రాయి, మధ్యలో రాళ్లముక్కలు, మట్టి లేదా సున్నం కూరిన కట్టడాలు. వాననీళ్లు లోపలి మన్నును తోడేస్తాయి, చెట్లవేళ్లు రాళ్లను ఎడంచేస్తాయి. పైన మాత్రం గడ్డి మొలిచి గట్టి నేలలాగే కనిపిస్తుంది. అందుకే ఫొటో కోసమైనా గోడ అంచెక్కొద్దు. పగిలిన కమాను కింద కూర్చుని తినొద్దు. పొదల్లో పిట్టగోడ లేని పాత బావులు, నీటితొట్లు ఉండొచ్చు, కర్రతో తడుముతూ నడవాలి. రాళ్ల సందుల్లో చేతులు పెట్టొద్దు. పాములకు, తేళ్లకు అవే ఇళ్లు.

మెరుపు తర్వాత 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది. బురుజు మీంచి, కొండకొమ్ము మీంచి వెంటనే దిగిపోవాలి. ఒంటిచెట్టు కింద నిలబడొద్దు.

దిగేముందు బూటు తాళ్లు చీలమండ దగ్గర బిగించి కట్టుకోండి, లేకపోతే వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. చిన్న అడుగులు, కొంచెం వంచిన మోకాళ్లు. ఎక్కేటప్పుడు అందరికన్నా నెమ్మదిగా నడిచిన మనిషినే ఇప్పుడు ముందు నడవనివ్వండి.