దుబాయ్ ఎండలో మొదటి రెండు వారాలు

జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి కొత్తగా దుబాయ్ పనికి వెళ్తున్నవాళ్లతో కలిసి జులైలో బయల్దేరాను. శంషాబాద్ చేరకముందే అందరి పెట్టెలూ విప్పించాం. మసాలా పొట్లాల్లో గసగసాలుంటే తీసేయాల్సిందే. మనం కోడికూరలో నూరి వేసుకునే ఆ దినుసు ఎమిరేట్స్ (యూఏఈ) దేశంలో నిషిద్ధం, దొరికితే కేసు జైలుదాకా పోతుంది. నొప్పికి వాడే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గుమందు కూడా ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. బీపీ, షుగర్ మాత్రలు డాక్టరు చీటీతో, అసలు స్ట్రిప్పుల్లోనే ఉండాలి. "మా తమ్ముడికి ఇవ్వన్నా" అని ఎవరైనా చేతిలో పెట్టే పార్శిల్‌ను విప్పి చూడకుండా తీసుకోవద్దు.

విమానం దిగి బయటికి రాగానే కళ్లద్దాల మీద ఆవిరి పట్టింది. "రామగుండం ఎండలో పని చేసినోళ్లం, మాకిదేం లెక్క?" అన్నారు మనవాళ్లు. తేడా ఇక్కడే ఉంది. రామగుండంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట ఆరుతుంది, ఆరినప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. దుబాయ్ సముద్రతీరం. జులై, ఆగస్టుల్లో చెమట ఆరదు, కారిపోతుంది. నీళ్లూ ఉప్పూ పోతాయి కానీ ఒంట్లో వేడి తగ్గదు. రాత్రిళ్లు కూడా అంతే.

అందుకే కొత్తవాళ్లకు మొదటిరోజు ఎండలో పని మామూలులో 20 శాతం మించకూడదు. రోజుకు మరో 20 శాతం పెంచుకుంటూ పోతే అయిదోరోజుకు పూర్తి పని. ఒళ్లు నిజంగా అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. అప్పటికి చెమట త్వరగా మొదలవుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. ఏజెంటుకు కట్టిన అప్పు నెత్తిమీద ఉన్నవాడు మొదటిరోజే ఓవర్‌టైమ్ అడుగుతాడు. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఆ తొందరే. దయచేసి ఆ వారం ఆగండి.

దాహం వేసేదాకా చూడకుండా ప్రతి 15-20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే పావు లీటరు నీళ్లు తాగాలి. అలాగని గంటకు లీటరున్నర దాటకూడదు, రక్తంలో సోడియం పడిపోతుంది. లీటరుకు సరిపడే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. అరలీటరు సీసాలో కలిపితే చిక్కబడి విరేచనాలు అవుతాయి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలడం లేదన్నమాట. ఒళ్లునొప్పులకని రోజూ డైక్లోఫినాక్ మింగడం మన క్యాంపుల్లో మామూలైపోయింది. ఎండిపోయిన ఒంట్లో ఆ మాత్ర నేరుగా కిడ్నీల మీద దెబ్బ కొడుతుంది.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు నేరుగా ఎండ తగిలేచోట పని నిషేధం. పాటించని కంపెనీకి ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హాముల జరిమానా. ఆ సమయంలో నీడన పడుకోండి. తోటివాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా వడదెబ్బే అనుకోండి. 998కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా చల్లనీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు.

సాయంత్రం దుబాయ్‌లో కార్మికులుండే సోనాపూర్ క్యాంపులో వంటగది చూశాం. తెల్లారకముందే వండిన అన్నం వేడిమీదే డబ్బాలో మూతపెట్టి, మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచితే వాంతులు పట్టుకుంటాయి. రాత్రి మిగిలిన మాంసం కూర అసలే వద్దు. పులిహోర నయం, అయినా డబ్బాను నీడన పెట్టాలి. నల్లులకని బయట దొరికే గుళికల మందు గదిలో పెట్టొద్దు. దాన్నుంచి వచ్చే వాయువు గోడ సందుల్లోంచి పక్కగదివాళ్లను కూడా చంపుతుంది. క్యాంపు బాస్‌కు చెప్పి, లైసెన్స్ ఉన్నవాళ్లతోనే మందు కొట్టించాలి.

మర్యాదల సంగతి. ఆడవాళ్ల ఫొటోలు తీయొద్దు. వాళ్లు ముందు చేయి చాపితేనే కరచాలనం. ఇచ్చినా పుచ్చుకున్నా కుడిచేత్తోనే. రంజాన్ నెలలో పగలు నలుగురిలో తినడం, తాగడం, పొగ తాగడం మానుకోవాలి. పనిలో ఉన్నవాళ్లకు మాత్రం నీళ్లు తప్పవు కాబట్టి తాగడానికి మరుగైన చోటు ఫోర్‌మన్‌ను ముందే అడిగి పెట్టుకోండి. ఆ నెలంతా ప్రైవేటు కంపెనీల్లో పనివేళలు రోజుకు 2 గంటలు తగ్గుతాయి, ఉపవాసం లేనివాళ్లకు కూడా. షార్జాలో మద్యం పూర్తిగా నిషేధం. వాట్సాప్‌లో కోపంతో తిట్టిన ఒక్క మెసేజ్ కూడా అక్కడ కేసవుతుంది. గొడవేదైనా ఉంటే ఫోన్ పక్కన పెట్టి మనిషితో మాట్లాడండి.

సెలవు మీద ఊరికొచ్చి నెలరోజులు నీడన గడిపితే ఎండ అలవాటు చాలావరకు పోతుంది. తిరిగి వెళ్లిన పాతవాళ్లు మొదటిరోజు 50 శాతం, తర్వాత 60కి, 80కి పెంచి నాలుగోరోజు పూర్తి పనిలోకి దిగాలి.