నెలలు నిండుతున్న వేళ మా ఇంటి ఏర్పాట్లు

ఈ సోమవారంతో నాకు 37 వారాలు నిండాయి. ఇది రెండో కాన్పు. మొదటిసారి ఈ రోజుల్లో ఏం చేస్తూ ఉండేదాన్నో నాకు బాగా గుర్తుంది. అరచేతంత చొక్కాలను ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి, సాయంత్రం కాగానే మళ్లీ బయటకు తీసి చూసుకుని, మళ్లీ మడతపెట్టేదాన్ని. ఆ పనిలోని సంతోషాన్ని నేను తక్కువ చేయను. అయితే బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి, నొప్పులు ఎంత దగ్గరపడితే బయలుదేరాలి, అర్ధరాత్రి ఆసుపత్రిలోకి ఏ వైపు నుంచి వెళ్లాలి అన్న సంగతులు ముందే తెలుసుకుని ఉంటే, ఒక రాత్రంతా పడిన భయం నాకు తప్పేది. అందుకే ఈసారి ఏర్పాట్ల వరుస మార్చాను. నొప్పులు పడుతూ ఆలోచించలేని విషయాలను ముందుకు తెచ్చి, బట్టలను చివరికి జరిపాను.

ఆ రాత్రి సంగతే ముందు చెబుతాను. అప్పుడు నాకు 36వ వారం. సాయంత్రం పనులు ముగించుకుని కూర్చున్నాక, మధ్యాహ్నం నుంచి బిడ్డ కదిలిన గుర్తే లేదని తోచింది. నెలలు నిండేకొద్దీ లోపల చోటు చాలక కదలికలు తగ్గిపోతాయని ఎవరో చెప్పగా విని ఉన్నాను కనుక, అదే అయి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. తెల్లవారాక వెళితే పొట్టకు రెండు పట్టీలు చుట్టి యంత్రానికి కలిపారు. గుర్రం పరుగెత్తుతున్నట్టు గుండె చప్పుడు గదంతా నిండింది. పాప క్షేమంగానే ఉంది. డాక్టరు గారు నా పక్కన కూర్చుని, మరోసారి ఇలా అనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దని, ఏ వేళైనా అప్పుడే రమ్మని, ఊరికే వచ్చారని ఎవరూ అనుకోరని నెమ్మదిగా చెప్పారు.

నేను విన్న మాట తప్పు. చివరి వారాల్లో కదలిక తీరు మారవచ్చు. గట్టి తన్నులకు బదులు లోపల ఒత్తుకుంటూ దొర్లుతున్నట్టు ఉండవచ్చు. అంతేగాని కదలికలు తగ్గిపోకూడదు. తగ్గాయంటే మాయ నుంచి బిడ్డకు అందవలసింది సరిగా అందడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. అందుకే ఇప్పుడు మంచం పక్కన ఒక చిన్న పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు పెట్టుకున్నాను. రాత్రి పక్కకు తిరిగి పడుకుని, కదిలినప్పుడల్లా ఒక గీత గీస్తాను. పది గీతలు పూర్తి కావడానికి ఎంతసేపు పట్టిందో రాసుకుంటాను. రెండు గంటల్లోగా పది కదలికలు తెలియాలని సాధారణంగా చెబుతారు. నా పుస్తకంలో చాలా రోజులు అరగంట కూడా దాటలేదు; నిన్న 9:10కి మొదలుపెడితే 9:27కి పదో గీత పడింది. ఈ లెక్క కన్నా, ఈ బిడ్డ అలవాటు నాకు పట్టుబడటమే ఎక్కువ మేలు అనిపిస్తోంది. ఆ అలవాటు తప్పిందనిపిస్తే, లెక్క సరిపోయినా సరే, ఫోన్ చేయాలని నిర్ణయించుకున్నాం. గుండె చప్పుడు వినడానికి ఇంట్లో వాడుకునే చిన్న యంత్రాలు దొరుకుతాయి గాని, తల్లి నాడినే బిడ్డ గుండెగా పొరబడే అవకాశం ఉంది కనుక వాటిని నమ్ముకుని ఆగిపోవడం ప్రమాదం.

ఈ నెలల్లో వెల్లకిలా పడుకుంటే గర్భాశయం బరువు వెనుకనున్న పెద్ద రక్తనాళాల మీద పడుతుంది. అందుకని ఏదో ఒక పక్కకు తిరిగి నిద్రపోతున్నాను. మధ్యలో మెలకువ వచ్చి చూసుకుంటే వెల్లకిలా ఉన్న రోజులూ ఉన్నాయి; మళ్లీ పక్కకు తిరిగితే సరిపోతుంది, దానికి బెంగ పెట్టుకోనక్కరలేదు.

ఇక తేదీ. డాక్టర్లు ఇచ్చే తేదీ చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్క కట్టి, తొలి నెలల స్కానింగుతో సరిచూసి చెప్పేది. సరిగ్గా ఆ రోజున పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురే. ఇంకా ముందే కనేస్తే బాగుండునని అలసట వల్ల అనిపించే రోజులు నాకూ ఉన్నాయి. కాని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లో 37, 38 వారాలను వేరుగా తీసి, 39 వారాలు నిండితేనే నెలలు పూర్తిగా నిండినట్టు లెక్కించాలని చెప్పడానికి కారణం ఉంది: ఆ చివరి రెండు వారాల్లోనూ బిడ్డ మెదడు, ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. వైద్యపరమైన అవసరం ఉంటే అది వేరు. అందుకని మా ఇంట్లో ఆ తేదీని పండుగ తేదీలా చూడటం మానేశాం. ఈ రోజు నుంచి దాదాపు ఐదు వారాల్లో ఏ రోజైనా కావచ్చు అనుకుని ఉన్నాం. బంధువులకు కూడా తేదీ చెప్పకుండా, నెల మాత్రమే చెప్పాం.

వంటగది తలుపు మీద ఒక కాగితం అంటించాం. అది రాసింది నేను, రోజూ చదివేది మా వారు. నొప్పులు ఐదు నిమిషాలకు ఒకసారి వస్తూ, ఒక్కొక్కటి నిమిషం పాటు ఉంటూ, అలా గంటసేపు సాగితే బయలుదేరాలన్నది తొలి కాన్పుకు తరచుగా చెప్పే లెక్క. రెండో కాన్పు త్వరగా జరగవచ్చు కనుక మమ్మల్ని అంతదాకా ఆగవద్దన్నారు. నడిచినా పడుకున్నా తగ్గకుండా, క్రమంగా దగ్గరపడుతూ బలపడేవి అసలు నొప్పులు. అప్పుడప్పుడూ పొట్ట గట్టిపడి, కాసేపు నడిస్తేనో నీళ్లు తాగితేనో సద్దుమణిగేవి ఉత్తుత్తి నొప్పులు. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా వెళ్లాలి. పోయిన సమయం, దాని రంగు చూసి చెప్పాలి. ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో ఉంటే బిడ్డ లోపలే మల విసర్జన చేసినట్టు, ఇక క్షణం ఆలస్యం చేయకూడదు. ఎర్రని రక్తం పోయినా అంతే. కాగితం అడుగున ఎర్ర సిరాతో రాసినవి మరికొన్ని ఉన్నాయి: తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, ముఖమూ చేతులూ హఠాత్తుగా వాచడం, పక్కటెముకల కింద నొప్పి. ఇవి రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతోందనడానికి సూచనలు. కాన్పు అయ్యాక కొన్ని వారాల దాకా కూడా ఇది రావచ్చు కనుక, ఇంటికి తిరిగి వచ్చాక ఆ కాగితం తీసేయవద్దని ఆయనకు గట్టిగా చెప్పాను.

పోయిన శనివారం రాత్రి పదకొండు గంటలకు ఇద్దరం ఆసుపత్రి దాకా వెళ్లి వచ్చాం. పగలు మేం వెళ్లే పెద్ద గేటు రాత్రి మూసి ఉంటుందని, వెనుక వైపున్న అత్యవసర విభాగం నుంచే లోపలికి వెళ్లాలని అప్పుడు తెలిసింది. నా మట్టుకు, సంచీ సర్దడం కన్నా ఆ ఒక్క ప్రయాణమే ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

కాన్పు గదిలో మాకు ఏం కావాలో అరపేజీలో రాసి, పోయినసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు గారికి ఇచ్చాం. తల్లీబిడ్డలిద్దరూ బాగుంటే బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి కత్తిరించాలని, బిడ్డను వెంటనే నా గుండెల మీద పడుకోబెట్టాలని, మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టాలని అందులో ఉంది. ఇవన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేవే కనుక ఆవిడ చదివి ఆనందంగా ఒప్పుకున్నారు. సిజేరియన్ అవసరమైతే ఇందులో ఏవి కుదురుతాయో, ఏవి కుదరవో కూడా అడిగి తెలుసుకున్నాం. మొదటిసారి ఆ ప్రశ్న అడగడానికే భయపడ్డాను. అడిగాక ఇప్పుడు ఆ భయం చాలావరకు పోయింది.

బిడ్డ పడుకునే తొట్టి మా మంచం పక్కనే వేశాం. గట్టి పరుపు, దాని మీద ముడత లేకుండా బిగించిన దుప్పటి, అంతే. పెద్దపాప కోసం నేనే నెలరోజులు కూర్చుని కుట్టిన మెత్తటి దిండు, చుట్టూ కట్టే పరుపు బట్ట ఇంకా కొత్తగానే ఉన్నాయి. వాటిని చేత్తో ఒకసారి నిమిరి అటక మీద పెట్టేశాను. మెత్తటివి ఏవైనా పసిబిడ్డ ముఖానికి అడ్డుపడి ఊపిరి ఆడకుండా చేయవచ్చు. పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికాలో 1994లో ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిపిల్లల సంఖ్య కొన్నేళ్లలోనే దాదాపు సగానికి తగ్గింది. అంత చిన్న మార్పు అన్ని ప్రాణాలు నిలిపిందని చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

సంచీ గురించి చెప్పవలసింది తక్కువ. రిపోర్టులు, ముందువైపు గుండీలున్న వదులైన నైటీలు, మందపాటి ప్యాడ్లు, ఫోన్ ఛార్జరు, బిడ్డకు నాలుగు జతల బట్టలు, టోపీ, డైపర్లు. మిగిలినవి ఎవరైనా తెచ్చి ఇవ్వగలరు.

తిరిగి వచ్చాక సాగే రోజుల గురించి మా వారితో రెండు సాయంత్రాలు మాట్లాడాను. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు పట్టాలని, మొదటి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గి రెండు వారాల్లోపు మళ్లీ అందుకుంటుందని, నాకు వారాల తరబడి రక్తస్రావం ఉంటుందని ఆయనకు ముందే తెలియాలి. మొదటి కాన్పు తరువాత కారణం లేకుండా ఏడుపు వచ్చేది. పది రోజుల్లో అదే పోయింది. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే, అది మనసుకు వచ్చిన జబ్బే కనుక, నేను వద్దన్నా నన్ను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లమని ఈసారి ఆయన దగ్గర మాట తీసుకున్నాను.

పెద్దపాపకు కూడా చెప్పాం. ఏ రాత్రైనా అమ్మ నిన్ను లేపకుండానే వెళ్లిపోవచ్చు, లేచేసరికి అమ్మమ్మ నీ పక్కన ఉంటుంది అని చెబితే, కాసేపు ఆలోచించి, లేపి ముద్దు పెట్టి వెళ్లమంది. సరేనన్నాను. కాగితంలో ఆ మాట కూడా చివరి వరుసగా రాశాం.

తొమ్మిది కావస్తోంది. పుస్తకం తీసుకుని పక్కకు తిరిగి పడుకోవాలి.