మిద్దె మీది తెరచాప

కార్తీకమాసంలో వాన తెరిపిచ్చిన ఒక ఆదివారం పొద్దున, మిద్దె మీద తెరచాప పరిచి, దాని మీద మోకాళ్లతో పాకుతూ కుట్లు ఒక్కొక్కటే గోటితో గీకి చూసుకుంటున్నాను. పక్కింటి పెద్దాయన పిట్టగోడ మీదుగా తొంగి చూసి, "ఏమప్పా, ఇంట్లో ఏమన్నా శుభకార్యమా? షామియానా సొంతంగానే వేసుకుంటా ఉండావే?" అన్నారు. తిరుపతిలో సముద్రపు పడవ తెరచాపను ఆరబెట్టుకుంటున్నానని చెబితే ఆయన నమ్మే అవకాశం తక్కువ కనుక, నవ్వి ఊరుకున్నాను.

ఆ పడవలో నాకు సగం వాటా ఉంది. మిగతా సగం చెన్నైలో ఉండే మా బావమరిదిది. 26 అడుగుల పొడవు, ఫైబర్‌గ్లాసు ఒళ్లు, తెరచాపను నిలబెట్టే ఒక కొయ్య, రెండు తెరచాపలు, లోపల ముగ్గురు నడుం వాల్చేందుకు చోటు, ఒక చిన్న స్టవ్వు: అంతే మా నౌకాసంపద. నాలుగైదు రోజులు తీరం వెంబడి తిరిగి రావడానికి అది చాలు. పడవ చెన్నైలో, నేను తిరుపతిలో. మధ్య నాగలాపురం, ఊత్తుకోట మీదుగా దాదాపు 140 కిలోమీటర్లు. ఈ దూరం వల్ల జరిగిన మేలేమిటంటే, ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో తుపానులు తిరిగే రోజుల్లో, పడవను ఎలాగూ కదల్చలేము కాబట్టి, విప్పగలిగినదంతా విప్పి కారులో వేసుకుని మా మిద్దెకు తెచ్చుకుని, తీరిగ్గా బాగుచేసుకుంటాను. 2016 డిసెంబరు 12న వర్ధా తుపాను చెన్నై దగ్గర తీరం దాటిన తీరు తెలిసినవాళ్లెవరూ ఆ నెలల్లో పడవ మీద తెరచాపను చుట్టి ఉంచరు.

ఈసారి పని పెద్దది. కొయ్యను దించి, దాన్ని పట్టి నిలబెట్టే తీగలనూ, ఆ తీగలు పడవకు తగులుకునే పట్టీలనూ అన్నిటినీ పరీక్షించాలని నిశ్చయించుకున్నాం. కొయ్య అని అలవాటుగా అంటున్నాను గానీ, ఇప్పటి కొయ్య ఒక అల్యూమినియం గొట్టం. ముందుకు ఒక తీగ, వెనక్కి ఒక తీగ, పక్కకు మూడేసి తీగలు లాగి పట్టుకుంటేనే అది నిలబడుతుంది. వాటిలో ఏ ఒక్కటి తెగినా క్షణాల్లో మొత్తం నీళ్లలో ఉంటుంది.

నాగలాపురం వేదనారాయణస్వామి గుడి ముందునుంచి వెళ్లేటప్పుడల్లా నాకు ఒక ఆలోచన వస్తుంటుంది. అక్కడ కొలువైనవాడు మత్స్యావతారుడు. ప్రళయంలో సత్యవ్రతుడు తన నావను వాసుకి అనే సర్పాన్నే మోకుగా చేసి ఆ చేప కొమ్ముకు కట్టాడని భాగవతం చెబుతుంది. అందరూ వాసుకి బలాన్ని తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ కొమ్మే గుర్తొస్తుంది. మోకు ఎంత గట్టిదైనా, దాన్ని కట్టిన కొమ్ము ఊడితే నావ ఏమయ్యేది?

మా పడవకు ఆ కొమ్ములు చైన్‌ప్లేట్లు. పక్క తీగ ఒక్కొక్కదాని కింద ఒక స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ ఉంటుంది. దాని పైభాగం డెక్కు మీద, అంటే పడవ పైతట్టు మీద, కనిపిస్తుంది, కింది భాగం డెక్కును తొలుచుకుని లోపలికి దిగి గోడకు బోల్టులతో బిగిసి ఉంటుంది. పైన తళతళలాడుతుంది. లోపల బోల్టుల దగ్గరా పరవాలేదు. ప్రమాదమంతా ఆ రెంటికీ నడుమ, డెక్కు మందంలో దాగిన రెండంగుళాల్లో ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదనేది సగం నిజం. అందులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించని ఒక పొరగా ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. గీత పడితే ఆ పొర మళ్లీ తనంతట తానే ఏర్పడుతుంది. కానీ ఉప్పునీరు చేరి గాలి చేరని సందులో పొర మళ్లీ కట్టుకోలేదు, అక్కడ ఉప్పు నిశ్శబ్దంగా లోహాన్ని తొలుచుకుపోతుంది. ఎడమ పక్క మధ్య పట్టీని ఊడబెరికి, మిద్దె మీద ఎండలో పట్టుకుని భూతద్దంతో చూస్తే, సరిగ్గా డెక్కు మందం ఉన్నంత మేర ఒక గోధుమరంగు చార, ఆ చారలో సూదిమొన గుచ్చినట్టు నాలుగు గుంటలు, రెండు గుంటలను కలుపుతూ వెంట్రుక వంటి చీలిక కనిపించాయి. చిన్న పట్టుడులో బిగించి సుత్తితో రెండు దెబ్బలు వేయగానే పట్టీ బిస్కెట్టులా విరిగింది. విరిగిన ముఖంలో మూడు వంతులు పాత మరక, ఒక వంతు మాత్రమే కొత్త మెరుపు. అంటే కిందటి ఏడాదంతా మా కొయ్యను ఆ ఒక్క వంతు లోహమే మోసింది.

నా ఉద్యోగజీవితమంతా చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, యంత్రాల మరమ్మతు విభాగంలో గడిచింది. తోతాపురి కాయ రుచి సంగతి ఎలా ఉన్నా, దాని పులుపు పైపులను ఏం చేస్తుందో మాకు బాగా తెలుసు. అందుకే విరిగిన ముక్కను పట్టుకుని అక్కడి పాత వెల్డరు దగ్గరికే వెళ్లాను. అతడు దాన్ని తిప్పి చూసి, "త్రీ నాట్ ఫోర్ మాదిరి ఉంది సార్. పులుపు తగిలే లైనుకే మనం దీన్ని వెయ్యంగదా, ఉప్పునీళ్లకు ఎవరు వేసినారు?" అన్నాడు. ఎవరు వేశారో మాకూ తెలియదు. పాత యజమాని ఎవరి చేతనో మార్పించినట్టున్నాడు. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకానికీ 316 రకానికీ కంటికి తేడా ఉండదు. అయస్కాంతం పెట్టి చూడమని కొందరు చెబుతారు గానీ, రెండూ దాదాపు అంటుకోవు. వంచిన చోట రెండూ కొద్దిగా అంటుకుంటాయి కూడా. తేడా అల్లా 316లో రెండు మూడు శాతం ఉండే మాలిబ్డినంలోనే ఉంది, ఉప్పును తట్టుకునే గుణం దానిదే. ఆ లోహం ఉందో లేదో తేల్చే రసాయనపు చుక్కల మందు దొరుకుతుంది; చుక్క వేసి చిన్న బ్యాటరీ తగిలిస్తే రంగు చెబుతుంది. మా ముక్క మీద రంగు రాలేదు.

వెల్డింగుతో అతికిద్దామా అని అతడు అడిగాడు; వద్దన్నాను. ఆరు పట్టీలనూ ఆరు మిల్లీమీటర్ల మందం 316 బద్దె నుంచి అతుకు లేకుండా కోయించి, రంధ్రాలు వేయించి, అద్దంలా మెరుగు పెట్టించాను. మెరుగు అందానికి కాదు, గరుకు తలం మీద ఉప్పు నిలిచినంతగా నున్నటి తలం మీద నిలవదు. తిరిగి బిగించేటప్పుడు డెక్కు రంధ్రం చుట్టూ సిలికాన్ పూయలేదు. సిలికాన్ కొన్నాళ్లకు అంచు వదిలేస్తుంది, దాని జిడ్డు పోకపోవడంతో ఆ తర్వాత మరేదీ అక్కడ అంటుకోదు. బ్యూటైల్ టేపు వాడాను. అది నల్లజీడిలా సాగుతూ ఎన్నేళ్లయినా మెత్తగానే ఉంటుంది.

తీగల సంగతి దీనికంటే సులువు. మావి 5 మిల్లీమీటర్ల మందం, 19 పోగుల తీగలు. ఒక్కొక్కటి తెగడానికి సుమారు రెండు టన్నుల బలం కావాలి. దూదిని తీగ పొడవునా జార్చుకుంటూ పోతే, పోగు తెగిన చోట దూది చిక్కుకుంటుంది. చేతితో మాత్రం తడమరాదు, ఆ అనుభవం నా బొటనవేలికి ఉంది. సాధారణంగా పది పదిహేనేళ్లకు తీగలన్నీ మార్చాలంటారు. మా తీగల వయసు చెప్పేవారు లేరు కాబట్టి అన్నీ మార్చాం. కొసలకు యంత్రంతో నొక్కే బిగింపులు కాక, స్పానర్లతో చేతితో బిగించుకోగల స్టా-లాక్ రకం తీసుకున్నాను. ఖరీదు ఎక్కువే అయినా విప్పి లోపల చూసుకోవచ్చు, నాకు కావలసింది అదే. తీగను బిగించే, వదులుచేసే టర్న్‌బకిల్ మరలకు గ్రీజు పూయకుండా ఒకదాన్ని బిగించి నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి: స్టీలు మీద స్టీలు రాసుకుని మర మధ్యలో పట్టేసింది, ఇక ముందుకూ వెనక్కూ కదల్లేదు, చివరకు రంపంతో కోయవలసి వచ్చింది.

ఇవన్నీ చాదస్తమని అనేవారికి మన దేశపు నావికుడు అభిలాష్ టామీని గుర్తు చేస్తాను. 2018 సెప్టెంబరులో, ఒంటరిగా తెరచాప పడవలో ప్రపంచం చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఆయన పడవ తురియా దక్షిణ హిందూమహాసముద్రపు తుపానులో బోల్తాపడి కొయ్య విరిగింది. వెన్ను గాయంతో కదల్లేని స్థితిలో ఉన్న ఆయన్ను మూడు రోజులకు ఫ్రెంచి ఓడ ఒకటి కాపాడింది. అదే మనిషి తర్వాతి పందెంలో మళ్లీ బయలుదేరి, 2023 ఏప్రిల్‌లో రెండోవాడుగా తిరిగివచ్చాడు. అంతటి అలలకు ఏ పట్టీ ఆగదు, నిజమే. కానీ మామూలు అలకే విరిగే పట్టీతో బయలుదేరడం వేరు సంగతి.

తెరచాప దగ్గరికి వస్తే, పాలియెస్టరు గుడ్డ కంటే ముందు ఎండకు చచ్చేది దారం. గోటితో గీకితే పొడిగా రాలిన కుట్లన్నీ విప్పి మళ్లీ వేయాలి. కొర్లగుంట వైపు షామియానాలు కుట్టే ఒకతని దగ్గర వంకరటింకర కుట్టు వేసే పెద్ద మిషను ఉంది. తెరచాప అంచులో కుట్టిన తాడును చూసి అతడు, "ఇది మా షామియానా అంచు తాడే గదన్నా, గాలి లాగేది గుడ్డను కాదు, తాడును" అన్నాడు. మా బావమరిదికి నాలుగేళ్లుగా నేను నచ్చజెప్పలేకపోయిన విషయాన్ని అతడు ఒక్క ముక్కలో తేల్చాడు. ఎండను తట్టుకునే పాలియెస్టరు దారం నేనే ఇచ్చాను. కూలి షామియానా లెక్కనే తీసుకున్నాడు.

తాళ్లు లాగే వించ్‌లు రెండింటినీ కిరోసిన్‌లో కడిగాను. వాటి లోపల గోరంత పళ్లూ, వాటిని నెట్టే సన్నని స్ప్రింగులూ ఉంటాయి. విప్పగానే ఎగిరి పోవడం వాటి నైజం. మా ఇంట్లో పాత ఇడ్లీ రేకు తెచ్చి ఒక్కో గుంటలో ఒక్కో ముక్కను వరసలో పెట్టాను. మా ఆవిడ చూసింది. ఆ రేకు ఇప్పుడు శాశ్వతంగా నాదే.

పడవ అడుగున నీళ్లు వచ్చేపోయే రంధ్రాలకు ఉన్న వాల్వుల్లో ఒకటి ఇత్తడిదని తేలింది. ఇత్తడిలో రాగితో పాటు జింకు ఉంటుంది. సముద్రపు నీరు జింకును లాగేసుకుంటే మిగిలేది గులాబిరంగు తిరిగిన గుల్ల రాగి. కంచులో జింకుకు బదులు తగరం ఉంటుంది కనుక ఆ బాధ తక్కువ. గుడిగంటకు కంచు, దీపపు సెమ్మెకు ఇత్తడి అని తిరుపతిలో పుట్టినవాడికి చెప్పనక్కరలేదు, పడవ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరమూ మరిచాం. కంచు వాల్వు వేశాం. ఏ వాల్వు విరిగినా రంధ్రంలో దిగగొట్టడానికి ఒక్కొక్కదాని పక్కన శంకువు ఆకారపు మెత్తని కొయ్య బిరడా కట్టి ఉంచాలి. కొయ్యబొమ్మలు చేసే వడ్రంగి దగ్గర మూడు తరిమెన పట్టించాను. "బొంగరాలకు మేకు వద్దా?" అని అడిగాడు.

ఇక బావమరిదితో నాకున్న పేచీ. పాత పట్టీ విరగకముందే ఆయన దారి చూపే తెర, దానికి కొత్త బ్యాటరీ, ఒక చిన్న ఫ్రిజ్జు కొనాలని లెక్క వేసుకున్నాడు. ఎవరింట్లోనైనా మాట చివరికి బ్యాటరీ దగ్గరికి రావడం మా ఊరికి కొత్త కాదు. కరకంబాడిలో అమరరాజా ఉంది గదా. అయినా ఇన్వర్టరుకు పెట్టే పొడుగాటి నీళ్ల బ్యాటరీని పక్కకు వాలే పడవలో పెడితే ఆసిడ్ ఒలుకుతుందని చెప్పి, మూతవేసిన రకమే, అదీ ఒక్కటే తీసుకున్నాం. కొయ్య మీది దీపం పాత బల్బుకు 25 వాట్లు, అంటే రెండు ఆంపియర్లు తినేది. ఎల్‌ఈడీ అందులో పదోవంతుతో సరిపెడుతుంది. కరెంటు తీగలు తగరపు పూత వేసిన రాగివే వాడాం, మామూలు రాగి ఉప్పుగాలికి తొడుగు లోపలే నల్లబడిపోతుంది. ఫ్రిజ్జు డబ్బు లంగరు గొలుసుకు వెళ్లింది. లంగరు వేసే చోట అయిదు మీటర్ల లోతు, పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు కలిపి ఆరు. దానికి కనీసం అయిదు రెట్లు, అంటే 30 మీటర్లు వదలాలి, గాలి పెరిగితే ఏడు రెట్లు. లంగరుకు తాడు కలపాలంటే సాగే నైలాను, తెరచాప ఎత్తడానికి సాగని పాలియెస్టరు. చిత్తూరు లారీల మీద బెల్లం బుట్టలు కట్టే ప్లాస్టిక్ తాడు చవకే, కానీ రెండేళ్ల ఎండకు పీచుపీచు అవుతుంది, పడవలో దానికి చోటు లేదు.

సంక్రాంతి దాటాక కొయ్యను మళ్లీ నిలబెట్టాం. తీగ బిగువు కొలవడానికి పెద్ద పరికరం అక్కరలేదు. తీగను చేతి బిగువుకు తెచ్చి, రెండు మీటర్ల బద్దె పైకొసను తీగకు కట్టి, కింది కొస చేరిన చోట తీగ మీద గీత పెట్టాలి. టర్న్‌బకిల్ బిగిస్తూ పోతే తీగ సాగి, గీత బద్దె కొస నుంచి కిందికి జరుగుతుంది. ఒక మిల్లీమీటరు జరిగితే తీగ తెగే బలంలో 5 శాతం బిగువు పడ్డట్టు. పై తీగలకు మూడు మిల్లీమీటర్లు, అంటే 15 శాతం పెట్టుకున్నాం. తరువాత మరలు తిరిగి వదులు కాకుండా స్ప్లిట్ పిన్నులు గుచ్చి, కొసలు వంచి, తెరచాప చిరగకుండా టేపు చుట్టాం. మొదటి ప్రయాణంలో పడవ పదిహేను డిగ్రీలు వాలేసరికి గాలి పడని పక్క తీగ కాస్త సడలాలి గానీ, ఊగిసలాడకూడదు. కుడి పక్కది సరిగ్గా అలాగే ఉంది. ఎడమది వేలితో మీటితే ఊగింది. కొత్త తీగ పోగులు సర్దుకునే కొద్దీ వదులవడం మామూలే. పిన్ను తీసి, మళ్లీ గీత పెట్టి బిగించాలి. శనివారం పొద్దున్నే స్కేలు, టేపు సంచిలో వేసుకుని బయలుదేరుతున్నాను. బావమరిది ఫ్రిజ్జు మాట ఎత్తకపోతే మధ్యాహ్నానికి అయిపోయే పని.