కాలువ పూడిక తీసిన రోజు

పొద్దున మా వీధి కాలువ పూడిక తీశారు. గడ్డపారలతో బండలు లేపి, నల్ల బురదను పారలతో ఎత్తి రోడ్డు పక్కన కుప్పలు పోశారు. దగ్గరికెళ్లి చూశాను. పాల ప్యాకెట్లు, టెంకాయ పీచు, ఎవరో ఇల్లు కట్టి వదిలేసిన ఇసుక, ఒక దిండు. దిండు కూడా కాలువలో వేస్తారా! మనసు చివుక్కుమంది.

నీళ్లు తాగడానికి ఒకామె మా గేటు దగ్గరికొచ్చింది. ఈ కుప్పలు ఎప్పుడు ఎత్తుతారమ్మా అని అడిగాను. "ట్రాక్టరు వస్తాదన్నా. అంతలోపల వాన పడకుంటే చాలు. పడిందంటే ఇదంతా మళ్లీ లోపలికే పోతాది" అంది.

నాకూ అదే టెన్షన్. తిరుపతికి అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లోనే. కొండ మీద కురిసింది కపిలతీర్థం వైపు దూకుతుంది, ఊరు దాటుకుని స్వర్ణముఖికి పోవాలి. దారిలో చెరువులుండిన చోట ఇప్పుడు ఇళ్లున్నాయి. ఇక ఆ నీళ్లకు మిగిలిన దారి ఈ కాలువలే. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే వంతెన కింద నిలిచిన నీళ్లలో బండి ఇరుక్కుని, కర్ణాటక నుంచి తిరుమలకు వచ్చిన కొత్త పెళ్లికూతురు చనిపోయింది. మరుసటి నెలలోనే ఊరంతా మునిగింది. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

పేపర్లో రేపటి కౌన్సిల్ అజెండా గురించి వేశారు. రోడ్లు, లైట్లు, కూడళ్ల సుందరీకరణ. ఇవేవీ వద్దనను. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ (ఇప్పుడు గరుడ వారధి అంటున్నారు) మొత్తం తెరిచాక ఊళ్లో తిరగడం ఎంత తేలికైందో రోజూ చూస్తున్నాను. కానీ కాలువకు శిలాఫలకం వేసేవాళ్లు ఉండరు. అందుకే అది అజెండాలో ఎప్పుడూ అడుగునే ఉంటుంది. 1886లోనే మున్సిపాలిటీ అయిన ఊరు మనది. 2007లో కార్పొరేషన్ అయ్యాక, కార్పొరేటర్లను ఎన్నుకోవడానికి మాత్రం 2021 దాకా ఆగాల్సి వచ్చింది. అన్నేళ్లూ వీధి గోడు చెప్పుకోవడానికి మన మనిషంటూ లేకపోయె. ఇప్పుడు యాభై డివిజన్లకూ మనుషులున్నారు కదా, అడగాలి.

మధ్యాహ్నం కూర్చుని అర్జీ రాశాను. పూడిక తీసిన రోజే ట్రాక్టరు రావాలి. రోడ్డు ఎస్టిమేట్‌లోనే కాలువ ఖర్చు కూడా కలపాలి. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం: పాత పొర గీకకుండా రోడ్డు మీద రోడ్డు వేయకూడదు. మా వీధిలో పాత ఇళ్లన్నీ ఇప్పుడు రోడ్డు కన్నా పల్లంలో ఉన్నాయి. ఎదురింటి పెద్దమ్మ ఒకప్పుడు మెట్లెక్కి ఇంట్లోకి పోయేది, ఇప్పుడు దిగి పోతుంది. వాన పడితే వాకిట్లో ఇసుక మూటలు పెట్టుకుంటుంది.

అర్జీ చదివి వినిపిస్తే పెద్దమ్మ, "మూటల సంగతి కూడా రాయి నాయనా" అంది. రాశాను. ఆమె వేలిముద్ర వేసింది, పక్కింటివాళ్లు సంతకాలు పెట్టారు. సాయంత్రానికి ట్రాక్టరొచ్చి సగం కుప్పలు ఎత్తుకెళ్లింది. మిగతావి రేపన్నారు. పొద్దున్నే కార్పొరేటర్ గారు సమావేశానికి బయల్దేరకముందే వెళ్లి ఈ కాగితం చేతికివ్వాలి.