ఆదివారం, ముసురు, రోనీ బార్కర్

పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నం బ్రిటిష్ హాస్యనటుడు రోనీ బార్కర్ రాసిన ఇనుప సామాన్ల కొట్టు స్కెచ్ (కొద్ది నిమిషాల హాస్య సన్నివేశం) మళ్లీ చూశాను. ఈసారి మాటల కన్నా సరుకు మీదే దృష్టి పెట్టాను. ఏ వస్తువు ఎక్కడుంది, దాన్ని తేవడానికి కొట్టువాడు ఎంత కష్టపడాలి అన్నది గమనిస్తూ పోతే, బార్కర్ ఎంత లెక్కగా రాశారో తెలుస్తుంది. బీబీసీ హాస్య కార్యక్రమం 'ది టూ రోనీస్'లో 1976లో వచ్చింది ఇది. కొట్టువాడు రోనీ కార్బెట్, బేరానికొచ్చినవాడు బార్కర్.

లండన్ పనివాళ్ల యాసలో మాట మొదటి 'హ' పలకదు. వచ్చినవాడికి కావలసింది మట్టి తవ్వే ఫోర్కుకు వేసే పిడులు, 'ఫోర్క్ హ్యాండిల్స్'. కొట్టువాడికి వినిపించేది 'ఫోర్ క్యాండిల్స్'. నాలుగు కొవ్వొత్తులు బల్ల మీదికొస్తాయి. మామూలు రచయిత అయితే ఇదే కిటుకును పదిసార్లు తిప్పేవాడు. బార్కర్ రెండో బేరంలోనే దారి మార్చారు. ప్లగ్గు కావాలంటాడు. ఎలాంటిది? రబ్బరుది, బాత్‌రూముకి. స్నానపు తొట్టి కన్నానికి పెట్టే బిరడాల పెట్టె తెచ్చి సైజు అడిగితే, జవాబు 13 ఆంప్. అంటే కరెంటు ప్లగ్గు. ఇక్కడ యాస అడ్డు లేదు, చెవి పొరపాటూ లేదు. అడిగినవాడు సగమే చెప్పాడు, అంతే. దాంతో చూసేవాళ్లకు తర్వాతి తికమక ఎటు నుంచి వస్తుందో ఊహించడం కుదరదు.

అసలు పనితనం 'ఓ' దగ్గర ఉంది. వచ్చినవాడు 'ఓస్' అంటాడు. కొట్టువాడు తెచ్చేది మొదట కలుపు తీసే హో, తర్వాత నీళ్ల గొట్టం (హోస్), తర్వాత ఆడవాళ్ల మేజోళ్లు (పాంటీహోస్), చివరికి తేలేది ఇంటి గేటుకు బిగించే 'ఓ' అక్షరాలు. ఆ పెట్టె పై అరలో ఉంటుంది, నిచ్చెన ఎక్కాలి. తెచ్చి, ఇచ్చి, మళ్లీ ఎక్కి సర్ది దిగాక 'పీ'లున్నాయా అంటాడు. మళ్లీ నిచ్చెన, మళ్లీ పెట్టె. కావలసింది బఠాణీల ('పీస్') డబ్బా! మొదటి పొరపాటుకు కొట్టువాడు బల్ల వెనక్కి తిరిగితే సరిపోయింది, ఇప్పుడు పదేపదే నిచ్చెన ఎక్కాడు. నవ్వు పెరిగేది మాట వల్ల కాదు, ఒళ్లు హూనం కావడం వల్ల.

ఈ స్కెచ్‌ను తిరిగి వేసేవాళ్లు చాలామంది రెండు చోట్ల చెడగొడతారు. బేరానికొచ్చినవాడు ముసిముసిగా నవ్వాడా, వాడు కావాలని ఏడిపిస్తున్నాడనే అర్థం వచ్చి మొత్తం కూలిపోతుంది. బార్కర్ ముఖం చివరిదాకా చీటీ చదువుకునే మనిషి ముఖమే. రెండోది, కొట్టువాడు ముందే అరవడం. కార్బెట్ కోపాన్ని మూతి బిగింపులోనే ఉంచి, సరుకు బల్ల మీద పెట్టే చప్పుడును మాత్రం కొంచెం కొంచెం పెంచుతాడు. ముగింపు బార్కర్‌కే నచ్చలేదు. ఆయన అసంతృప్తి న్యాయమైనదే. అంతసేపూ ఇద్దరి మధ్య కట్టుకొచ్చిన చిక్కును, ఆఖర్లో వచ్చిన మూడో మనిషి చేత ద్వంద్వార్థపు మాట అనిపించి తెంచేశారు.

స్కెచ్ రచయితగా పడిన పేరు జెరాల్డ్ వైలీ. అలాంటి మనిషి లేడు. 1968లో 'ఫ్రాస్ట్ ఆన్ సండే' అనే టీవీ కార్యక్రమానికి రాయడం మొదలుపెట్టినప్పుడు, నటుడు రాశాడు కదా అని మొహమాటానికి తీసుకోకూడదని బార్కర్ ఈ పేరు పెట్టుకుని, తన ఏజెంట్ పీటర్ ఈడ్ ద్వారా స్కెచ్‌లు పంపారు. అనుమానం రాకుండా వైలీ రచనలను తనే విమర్శించేవారు కూడా. డాక్టరు గది ముందు జనం కూర్చునే స్కెచ్ కార్బెట్‌కు బాగా నచ్చి హక్కులు కొనబోతే, వైలీ తరఫున 3000 పౌండ్లు అడిగించి, అంత ఎక్కువా అని స్నేహితుడి పక్కన నిలబడి తనే వాపోయి, తర్వాత ఉచితంగా ఇప్పించారు! కార్బెట్ కృతజ్ఞతగా వైలీకి గాజు గ్లాసులు పంపాడు. ఎవరీ వైలీ అని అందరూ తలలు బద్దలు కొట్టుకున్నారు, నాటక రచయిత టామ్ స్టాపర్డ్ అన్నవాళ్లూ ఉన్నారు. చివరికి ఒక చైనీస్ హోటల్లో బృందమంతా భోజనానికి కూర్చున్నప్పుడు, అది నేనేనని చెప్పారు. కాగితం మీద నిలబడనిది తెర మీద నిలబడదని అంత గట్టిగా నమ్మిన నటుణ్ని నేనింకొకర్ని చూడలేదు.

ఈ క్రమశిక్షణ ఎక్కడిది? 1929లో బెడ్‌ఫర్డ్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో పెరిగి, కొంతకాలం బ్యాంకు గుమాస్తాగా చేసి, 1948లో ఎయిల్స్‌బరీలో రెపర్టరీ నాటక బృందంలో చేరారు. ఆ బృందాల్లో రాత్రి ఒక నాటకం ఆడుతూ పగలు తర్వాతిదాన్ని సాధన చేయాలి. రకరకాల మనుషుల గొంతులు, నడకలు అక్కడే అలవాటయ్యాయి. 'ఓపెన్ ఆల్ అవర్స్' అనే టీవీ ధారావాహికలో బార్కర్ వేసిన కిరాణా కొట్టు ఆర్క్‌రైట్ నత్తి రచయిత రాయ్ క్లార్క్ స్క్రిప్టులో లేదు. గ్లెన్ మెల్విన్ అనే నటుడి దగ్గర నేర్చుకున్న నత్తిని బార్కర్ ఈ పాత్రకు తెచ్చారు. నత్తితో నవ్వించడం ఇప్పుడు ఇబ్బందిగా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. అయితే ఏ మాట దగ్గర ఆగాలన్నది ఆయన ప్రతిసారీ ముందే నిర్ణయించుకున్నట్టు కనిపిస్తుంది.

1973లో 'సెవెన్ ఆఫ్ వన్' పేరుతో ఏడు వేర్వేరు కథలు చేశారు. వాటిలోంచే ఆర్క్‌రైట్ కొట్టు, 'పారిడ్జ్' జైలు ధారావాహికలు రెండూ పుట్టాయి. 'పారిడ్జ్' రచయితలు డిక్ క్లెమెంట్, ఇయన్ లా ఫ్రెనే. ప్రతి భాగం మొదట్లో, బార్కర్ వేసిన ఖైదీ ఫ్లెచర్‌కు శిక్ష చదివే జడ్జి గొంతు కూడా బార్కర్‌దే.

1987 చివర్లో అన్నీ మానేసి, చిప్పింగ్ నార్టన్‌లో పాత సామాన్ల కొట్టు పెట్టుకున్నారు. ఊహలు అడుగంటుతున్నాయని, ఆరోగ్యం సహకరించడం లేదని ముందే గ్రహించారు. నాటక దర్శకుడు పీటర్ హాల్ షేక్‌స్పియర్ హాస్యపాత్ర ఫాల్‌స్టాఫ్ వేషం ఇస్తానన్నా వద్దన్నారు. తర్వాత 2002లో 'ది గ్యాదరింగ్ స్టార్మ్' అనే టీవీ చిత్రంలో చర్చిల్ ఇంటి బట్లర్‌గా తిరిగొచ్చారు. కనిపించేది కాసేపే, అయినా చర్చిల్‌తో గొడవ పెట్టుకునే చోట పాత బార్కర్ మొత్తం ఉంటారు. 2005 అక్టోబరు 3న చనిపోయారు.

వాన ఇంకా తగ్గలేదు. రేపు ఆయన రాసిన, మాటలు దాదాపు లేని సముద్రతీరం చిత్రం 'బై ద సీ' (1982) చూడాలి. మాటల మీద ఇంత పట్టున్న మనిషి వాటిని పక్కన పెట్టి హాస్యాన్ని దేనితో కట్టారో షాటు షాటుకూ రాసుకోవాలి.