సిరొంచలో మా సరుకుల సొసైటీ: సేటు డబ్బు ఎందుకు తీసుకోలేదంటే

మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో మా ఊరివాళ్లం కలిసి బియ్యం, పప్పు, కారం అమ్మే సహకార సొసైటీ పెట్టుకున్నాం. ఎలా పెట్టారని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. ముందే చెప్తున్నా, కాగితాల పని అంత కష్టం కాదు, సొసైటీ మన చేతిలోంచి జారిపోకుండా చూసుకోవడమే అసలు పని.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తా. మహారాష్ట్ర సహకార చట్టం, అంటే 1960 నాటిది, దాని ప్రకారం వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం 10 మంది కావాలి. వాళ్లలో ఒకరిని ముఖ్య ప్రవర్తకుడిగా (చీఫ్ ప్రమోటర్) ఎన్నుకుని, పేరుకు అనుమతి తీసుకుని, పెట్టబోయే సొసైటీ పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి వాటా డబ్బు వేసి, దరఖాస్తుతో పాటు ఉపవిధులు, అంటే సొసైటీ సొంత నిబంధనలు, 4 కాపీలు ఇవ్వాలి. అన్నీ మరాఠీలోనే. కాలేజీకెళ్లే మా మరదలు ఒక్కో నిబంధన చదివి తెలుగులో చెప్తుంటే పెద్దవాళ్లు "మళ్లొకసారి చదువు బిడ్డా" అని ఆపేవాళ్లు. నమూనా ఉపవిధులు దొరుకుతాయి, వాటినే దించేస్తే సరిపోతుందని కొందరంటారు, నేనైతే వద్దంటా.

టెన్షన్ అంతా డబ్బు దగ్గరే. మా దగ్గర వడ్లు, మిర్చి కొనే ఒక సేటు వచ్చి "తమ్ముడూ, సగం వాటా నేనే పెడతా, దుకాణానికి కిరాయి కూడా వద్దు" అన్నాడు. చట్టమే అడ్డుపడింది. మొత్తం వాటా ధనంలో ఐదో వంతుకు మించి ఒక్క సభ్యుడి దగ్గర ఉండకూడదు (ప్రభుత్వానికి ఆ పరిమితి లేదు, అది వేరే తలనొప్పి), ఎంత వాటా ఉన్నా ఓటు ఒక్కటే. అప్పుడు "సరే, సరుకు ఉద్దెర ఇస్తా, మెల్లగా కట్టండి" అన్నాడు. దానికి చాలామంది మెత్తబడ్డారు, నిజం చెప్పాలంటే నాకూ బాగానే అనిపించింది, కానీ మా పెద్దమ్మ వరస ఆవిడ మీటింగులో లేచి "ఉద్దెర సేటుదైతే రేటు గూడ సేటుదే గదా" అంది. చట్టం వాటాను ఆపుతుంది, ఉద్దెరను ఆపదు. అందుకే సరుకుల వ్యాపారం చేసేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కమిటీలో ఉండకూడదనీ, ఒకే వ్యాపారి దగ్గర పెద్ద మొత్తంలో ఉద్దెర తేవాలంటే సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలనీ మా ఉపవిధుల్లో రాయించుకున్నాం. సరుకుకు పెట్టుబడి? కోతలయ్యాక సభ్యులే వడ్లు ఇచ్చి, కొంత డబ్బు తర్వాత తీసుకుంటున్నారు. మొదట్లో దుకాణం సగం ఖాళీగానే ఉండేది, ఉండనీ అనుకున్నాం.

గోదావరి అవతల కాళేశ్వరం వైపు మా చుట్టాలు "మాక్స్ చట్టం కింద పెట్టుకోవచ్చు కదా" అన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన ఆ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింది సంఘాల్లో ప్రభుత్వ వాటా ఉండదు, ఆ మేరకు మంచిదే, కానీ నది దాటితే అది చెల్లదు.

లాభం విషయానికొస్తే, ఏటా నికర లాభంలో కనీసం నాలుగో వంతు రిజర్వు నిధికి పోవాలి, ప్రత్యేక అనుమతి లేకుండా వాటా మీద ఇచ్చే డివిడెండు 15 శాతం దాటకూడదు. మేం డివిడెండు తక్కువే పెట్టుకున్నాం, ఎవరెంత సరుకు కొన్నారో దాన్ని బట్టి బోనస్ ఇస్తాం. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది పెట్టుకున్న దుకాణంలోనూ మిగులు ఇలాగే పంచుకున్నారు. వాటా పెట్టి ఇంట్లో కూర్చునేవాడి కంటే రోజూ కొనే మనిషికే దుకాణం మంచిచెడ్డలు పట్టింపు కదా.

సభ్యులు కానివాళ్లకూ అదే ధరకు అమ్మాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. నేను అమ్మాలనే అంటున్నా, అవతలి పక్షం "మరి మేం సభ్యులమై ఏం లాభం" అంటోంది. సెప్టెంబరు 30 లోపు వార్షిక సభ పెట్టాలి, అక్కడ ఓటింగు తప్పేట్టు లేదు.