రిట్రీవర్ పోయిన ఆదివారం

మధ్యాహ్నం 3:40కి గేటు చప్పుడైంది. పాతపట్నం మావయ్య. బండి లోపల పెట్టించి, మంచినీళ్లిచ్చి పైకొచ్చేసరికి తెర మీద ఆటలో నా ఓడ రిట్రీవర్ లేదు. ఓడ పేలితే మనిషి మిగిలే గుడ్డులాంటి పాడ్‌లో నేనొక్కణ్ణే తేలుతున్నాను.

ఆట ఈవ్ ఆన్‌లైన్. ఐస్‌లాండ్‌కి చెందిన సీసీపీ 2003లో తెచ్చింది. ఇందులో ఓడ పేలితే పేలినట్టే, పాత సేవ్ తెరుచుకుని వెనక్కి పోవడం లేదు. రిట్రీవర్ గ్రహశకలాల నుంచి ఖనిజం తవ్వే ఓడ. కడుపు పెద్దది, తోలు పలచన. పూర్తి భద్రత 1.0 అయితే, నేను తవ్వుతున్నది 0.5 ఉన్న చోట. కాంకార్డ్ పోలీసులు వస్తారు గానీ కొన్ని సెకన్లు ఆలస్యంగా. ఆ సెకన్లలోనే కాటలిస్టులనే దాడి ఓడలు మూడు పని కానిచ్చేశాయి. పోలీసులు వాటినీ పేల్చారు. నాకేం ఒరిగింది?

“ఏటల్లుడూ, బండి బోల్తా పడిందేటి? ఇన్సూరెన్సుందా?”

మావయ్య ముప్ఫయ్యేళ్లు లారీలు తిప్పినవాడు. మొదటి ప్రశ్నే అది.

“కట్టలేదు మావయ్యా. కట్టకపోయినా నలభై శాతం ఇస్తారు. అప్పుడే పడిపోయింది.”

నమ్మలేదు. సర్వేయరు రాకుండానా? ఫొటోలు అడక్కుండానా? తన లారీ ఘాట్‌లో పల్టీ కొట్టినప్పుడు టైర్లకి సగం తరుగు కోశారనీ, మిగతాదానికి ఎన్నిసార్లు తిప్పారనీ మళ్లీ మొదలెట్టాడు. ఆ కథ నాకు కంఠతా వచ్చు. వింటూనే స్టేషన్ చేరాను.

పేలిన ఓడ శకలం రెండు గంటలే ఉంటుంది. పైగా రోజూ 4:30కి, అంటే గ్రీన్‌విచ్ లెక్కన పదకొండుకి, సర్వర్ కాసేపు ఆపేస్తారు. ఈలోగా మా పర్లాకిమిడి కరెంటు ఏం చేస్తుందో దానిష్టం. స్టేషన్‌లో ఉచితంగా ఇచ్చే ఐబిస్ అనే చిన్న ఓడ ఎక్కి, దానికో సాల్వేజర్, అంటే శకలం విప్పి తుక్కు తీసే పరికరం, బిగించుకుని వెనక్కి పరిగెత్తాను.

అక్కడ ఎవడో అప్పటికే కాటలిస్టుల శకలాలు విప్పుకుంటున్నాడు.

“దొంగా?” అన్నాడు మావయ్య.

కాదు. ఇక్కడి ధర్మం విచిత్రం. పరాయి శకలం లోపలున్న సామాను తీస్తే దొంగతనం, అనుమానితుడని ముద్ర పడుతుంది, ఎవరైనా కాల్చొచ్చు. పెంకు మాత్రం విప్పినవాడిదే. “మరి రోడ్డు మీద బస్తాలు ఎత్తుకుపోయినోళ్లకి ముద్దరెవుడేసాడు?” అని మావయ్య. అది కూడా పాత లారీ కథలోదే.

నా శకలం తెరిచాను. ఖనిజం తవ్వే యంత్రాలు, రెండు స్ట్రిప్ మైనర్లలో ఒకటి మిగిలింది. ఏది మిగులుతుందో, ఏది కాలిపోతుందో అంతా లాటరీ. ఓడకి శాశ్వతంగా బిగించే రిగ్గులు ఎలాగూ దాంతోనే పోతాయి. ఖనిజం కొంత ఉంది గానీ ఐబిస్‌లో పట్టదు, వదిలేశాను. సాల్వేజర్ తగిలిస్తే మూడోసారికి పట్టింది, కాసిని తుక్కు భాగాలొచ్చాయి. కొత్త రిగ్గుల తయారీకి అవే కావాలి కాబట్టి బజార్లో అమ్ముడుపోతాయి. అప్పటికి 4:08.

మళ్లీ రిట్రీవరే కొనాలనిపించింది, చెయ్యి అలవాటు. ఆటలో పెద్ద బజారైన జిటాలో చౌక, కానీ తొమ్మిది జంపులు, అంటే తొమ్మిది నక్షత్ర మండలాలు దాటాలి. అంత టైము లేదు. పక్క స్టేషన్‌లో ప్రొక్యూరర్ అనే మరో తవ్వే ఓడ తీసుకున్నాను. కడుపు చిన్నదైనా తోలు మందం. తలుపు తీయడానికి కిందికి దిగేవాడికి అదే నయం. రెండో మైనర్ కొత్తది కొన్నాను.

ఈసారి ప్లాటినం పాలసీ. ఓడ విలువలో ముప్ఫై శాతం ప్రీమియం, పోతే నూరు శాతం, గడువు పన్నెండు వారాలు. బిగించిన సామానుకీ సరుకుకీ పైసా రాదు.

“అంటే టైర్లకి రాదు,” అన్నాడు మావయ్య. ఆయన ముఖంలో అంత తృప్తి నేనెప్పుడూ చూడలేదు.

పేల్చినవాళ్ల మీద నాకు కిల్ రైట్, అంటే తిరిగి కాల్చే హక్కు, వచ్చింది, ముప్ఫై రోజులుంటుంది. నా ప్రొక్యూరర్‌తో వేటాడేదేముంది? దానికో ధర పెట్టి అందరికీ వదిలేశాను. 4:26 అయింది. అమ్మ కింద నుంచి టీకి పిలిచింది.